నా ప్రెస్‌నోట్‌ను దిద్దండి

తెలుగు దినపత్రికల సంపాదకులకు,



మీ జిల్లా పేజీల్లో నేను రాసిన వార్తలు తరచుగా వస్తుంటాయి. నేను మీ విలేకరిని కాదు, మీ డెస్కులో ఉద్యోగినీ కాదు. ఒకప్పుడు ఆ రెండు పనులూ చేశాను. ఇప్పుడు కంపెనీలకు, ఆసుపత్రులకు, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనికేషన్స్ వ్యవహారాలు చూస్తున్నాను. వాళ్ల తరఫున ప్రెస్‌నోట్లు రాసి మీకు పంపుతుంటాను. వాటిలో చాలావాటిని మీరు రాసింది రాసినట్టే వేస్తున్నారు. శీర్షిక నేను పెట్టిందే ఉంటుంది. ఇంట్రో నాదే ఉంటుంది. కామా కూడా కదలదు. డేట్‌లైన్ మాత్రం మీది.

ఇందుకు నా క్లయింట్లు నన్ను మెచ్చుకుంటారు. క్లిప్పింగులన్నీ ఫైలులో పెట్టి చూపిస్తే బిల్లు మీద బేరం కూడా ఆడరు. ఆ లెక్కన నేను నోరు మూసుకుని ఉండటమే మంచిది. అయినా ఈ ఉత్తరం రాస్తున్నానంటే, మీ డెస్కుల మీద నాకింకా మమకారం చావలేదు. నేను అడిగేది ఒక్కటే. నా ప్రెస్‌నోట్‌ను దిద్దండి. కోయండి. ఫోన్ చేసి నిలదీయండి. పనికిరాదనుకుంటే చెత్తబుట్టలో వేయండి.

ఎందుకో చెప్పాలంటే, నేను అటు నుంచి ఇటు ఎలా వచ్చానో కొంత చెప్పాలి.

మాది కనిగిరి వైపు. డిగ్రీ అయ్యాక మండల కంట్రిబ్యూటర్‌గా కుదిరాను. వార్త తెల్లకాగితం మీద రాసి, కవర్లో పెట్టి, ఒంగోలు పోయే ఆర్టీసీ బస్సు డ్రైవర్‌కు ఇచ్చే రోజులవి. అక్కడి బస్టాండులో ఆఫీసు మనిషి ఒకడు కవర్లన్నీ ఏరుకుని డెస్కుకు చేర్చేవాడు. జీతం లేదు, లైన్ అకౌంట్ ఉండేది. అచ్చయిన లైన్లను లెక్కపెట్టి నెలాఖరుకు ఇంతని ఇచ్చేవాళ్లు. సబ్ ఎడిటర్ నా వార్తను సగానికి కోస్తే నా సంపాదన కూడా సగానికి తెగేది. దీనికి తోడు ఉగాదికీ, దసరాకీ, పత్రిక వార్షికోత్సవానికీ ప్రకటనలు తేవాలి. పొద్దున సర్పంచి మీద వచ్చిన ఆరోపణ రాసుకుని, సాయంత్రం ఆయన ఇంటికే శుభాకాంక్షల ప్రకటన అడగడానికి పోవాలి. ఆయన టీ ఇప్పించి, పొద్దుటి వార్త సంగతి ఏమైందని తీరిగ్గా అడిగేవాడు.

జర్నలిజం వదిలి పీఆర్‌లోకి ఎప్పుడు వెళ్లావని కొత్తవాళ్లు నన్ను అడుగుతుంటారు. విలేకరి పనికీ, ప్రచారం పనికీ మధ్య గీత ఒకటి ఉందనీ, నేను ఫలానా రోజున దాన్ని దాటాననీ వాళ్ల ఊహ. మండల స్థాయిలో ఆ గీత ఎవరూ గీయలేదు. రెండు పనులూ ఒకే జేబు డైరీలో రాసుకుని తిరిగాం.

తర్వాత హైదరాబాద్‌లో జర్నలిజం స్కూల్లో సీటు వచ్చింది. స్టైపెండ్ ఇచ్చి చదువు చెప్పడం తెలుగు పత్రికలు చేసిన గొప్ప పని. బూదరాజు రాధాకృష్ణ గారు ఈనాడు జర్నలిజం స్కూలుకు ప్రిన్సిపాల్‌గా ఉండి ఎన్ని బ్యాచీలను తీర్చిదిద్దారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీలో కొందరు ఆయన చేతి ఎర్రసిరా తిన్నవాళ్లే. ఏ స్కూల్లో చదివినా మాకు నేర్పిన పాఠం దాదాపు ఒకటే. వాక్యం పొట్టిగా ఉండాలి. ‘యొక్క’ తీసేయాలి. ‘ప్రభుత్వంచే నిర్మించబడిన’ అని రాస్తే చెవి మెలిపెట్టాలి. ఏజెన్సీ కాపీని అనువాదం చేస్తే ఇంగ్లిషు వాసన రాకూడదు. మొదటి వాక్యంలో విషయం తేలిపోవాలి. కింద నుంచి ఎక్కడ కోసినా వార్త నిలబడాలి.

అక్కణ్నుంచి జిల్లా డెస్కు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలకూ ఆ దారి పట్టక తప్పలేదు. ఊరి బోరు చెడిపోతే కూడా అచ్చులో వచ్చే రోజులు వచ్చాయి. తెలుగు పల్లెకు పత్రిక చేసిన మేలు అది. కానీ రోజూ అన్ని పేజీలు నింపాలంటే మేత కావాలి. లయన్స్ క్లబ్బు రక్తదానం, డిగ్రీ కాలేజీ ఫ్రెషర్స్ డే, ఎమ్మెల్యే పుట్టినరోజుకు పండ్ల పంపిణీ, అన్నీ పేజీ ఎక్కాయి. ప్రెస్‌నోటుకు రాజయోగం పట్టింది అప్పుడే.

2004 ప్రాంతంలో ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా చానెళ్లు వచ్చాయి. జీతం బాగుందని డెస్కుల నుంచి మూకుమ్మడిగా వెళ్లాం. పత్రికలో మూడు కాలమ్‌లు రాసిన చేత్తో స్క్రోలింగ్ రాశాను. తర్వాత ఒక చానెల్లో జీతాలు నెలల తరబడి ఆగిపోతే మళ్లీ పత్రికకు, ఈసారి ఆదివారం అనుబంధానికి చేరాను. ఇంట్లో పిల్లల ఫీజులు, ఊళ్లో అమ్మకు మోకాళ్ల ఆపరేషన్, రాత్రి రెండింటికి ఇంటికి చేరే ఉద్యోగం. ఇవన్నీ మీకు తెలిసినవే, మీ దగ్గర మానేసిన ప్రతివాడూ చెప్పేవే, కనుక సాగదీయను. ఒక స్వచ్ఛంద సంస్థలో డాక్యుమెంటేషన్ ఆఫీసర్ పని ఉందంటే వెళ్లాను. అక్కణ్నుంచి ఒక ఆసుపత్రి, ఆ తర్వాత ఒక కంపెనీ. ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నాను.

ఏరు దాటి తెప్ప తగలేసినవాడు వచ్చి నీతులు చెబుతున్నాడని అనుకోకండి. పత్రిక నుంచి పక్క దారుల్లోకి పోవడం మన దగ్గర కొత్త కాదు, తప్పూ కాదు. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో పనిచేసి సినిమాకు వెళ్లారు. ఆ పత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు అయితే వచ్చిందే వ్యాపారం నుంచి. 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టి, దానికి ప్రచారం చేసి, వచ్చిన డబ్బుతో 1908లో ముంబయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. తలనొప్పి మందు అమ్మడమెలాగో తెలిసిన మనిషే జాతీయోద్యమానికి పత్రికను నిలబెట్టాడు. ఆ పత్రికలో అమృతాంజనం ప్రకటన ప్రకటనలాగే కనపడేది, వార్త వార్తలాగే కనపడేది. చదివేవాడికి ఏది ఏదో తెలిసేది. ఇవాళ నా ప్రెస్‌నోట్ విషయంలో తెలియకుండా పోతున్నది సరిగ్గా అదే.

ప్రెస్‌నోట్ పుట్టుక కూడా మనలాంటివాడి చేతి మీదుగానే జరిగింది. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. న్యూయార్క్ పత్రికల్లో విలేకరిగా చేసి బయటికొచ్చిన ఐవీ లీ కంపెనీ తరఫున ఒక ప్రకటన రాసి విలేకరులకు పంచాడు. దాన్ని న్యూయార్క్ టైమ్స్ ఉన్నదున్నట్టు అచ్చేసిందని ప్రజాసంబంధాల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ప్రపంచంలో మొదటి ప్రెస్‌నోట్‌గా దాన్నే లెక్కవేస్తారు. మాజీ విలేకరి రాయడం, డెస్కు మార్చకుండా వేయడం, ఈ రెండూ మొదటి రోజు నుంచే జంటగా ఉన్నాయన్నమాట.

అసలు చిక్కు ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. క్లబ్బు కార్యదర్శి రాసిన నోట్ మీ డెస్కుకు వస్తే అది వంకరటింకరగా ఉంటుంది. ‘అత్యంత వైభవోపేతంగా’ అని మొదలవుతుంది. వేదిక మీది పద్నాలుగు పేర్లు ముందొస్తాయి, ఏం జరిగిందో చివర్న ఉంటుంది. మీ సబ్ ఎడిటర్ తిట్టుకుంటూ దాన్ని విప్పి, మళ్లీ కుడతాడు. అలా విప్పేటప్పుడే ‘రక్తదానం చేసింది ఎంతమంది?’ అనే ప్రశ్న వస్తుంది. నా నోట్‌ను విప్పాల్సిన పని ఉండదు. మీరే నాకు నేర్పిన భాషలో, మీ స్టైల్‌షీట్ ప్రకారం, మీ కాలమ్ వెడల్పుకు సరిపోయే శీర్షికతో వస్తుంది. కొన్ని డెస్కులకు అనూ ఫాంటులో, మిగతావాటికి యూనికోడ్‌లో పంపుతాను. ఫొటోకు క్యాప్షన్ ‘ఎడమ నుంచి’ అని సిద్ధంగా ఉంటుంది. పేజీలు పెట్టడం మొదలయ్యే వేళకు ముందే, వార్తలు పలచగా ఉండే ఆదివారం చూసుకుని మరీ పంపుతాను. దిద్దడానికి ఏమీ లేని కాపీ కనుక మీ సబ్ ఎడిటర్ దాన్ని అడగడానికీ ఏమీ లేని కాపీ అనుకుంటున్నాడు. మీరు స్టైపెండ్ ఇచ్చి నేర్పిన విద్యతోనే నేను మీ గేటు దాటి లోపలికొస్తున్నాను.

ఆ గేటు దగ్గర మనుషులు కూడా తగ్గారు. 2020లో కరోనా వచ్చాక పేజీలు తగ్గాయి, జిల్లా అనుబంధాలు మెయిన్‌లో కలిసిపోయాయి, డెస్కుల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. అలా ఖాళీ అయినవాళ్లలో చాలామంది ఇప్పుడు నాలాగే ఆసుపత్రుల్లో, విద్యాసంస్థల్లో, రియల్ ఎస్టేట్ కంపెనీల్లో, నాయకుల సోషల్ మీడియా టీముల్లో ఉన్నారు. అంటే రాసేవాళ్లు బయట పెరిగారు, అడిగేవాళ్లు లోపల తగ్గారు.

ఇంకో పక్క చట్టం కూడా మాకు పని పెంచింది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ రూ.500 కోట్లో, టర్నోవర్ రూ.1,000 కోట్లో, నికర లాభం రూ.5 కోట్లో, లేదా అంతకు మించో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. మంచి చట్టమే. ఊళ్లకు బడి గదులొచ్చాయి, మరుగుదొడ్లొచ్చాయి, నీళ్ల ప్లాంట్లొచ్చాయి. ఖర్చు చేసినట్టు వార్షిక నివేదికలో చూపమని చట్టం అడిగింది, పేపర్లో వేయించమని అడగలేదు. అయినా ఖర్చు పెట్టిన ప్రతి కంపెనీకీ అది పేపర్లో కనపడాలని ఉంటుంది. ముంబయి, బెంగళూరు పీఆర్ ఏజెన్సీల నుంచి వచ్చే తెలుగు ఎవరూ చదవలేని తెలుగు. కాబట్టి మాలాంటి పాత డెస్కు మనుషులకు గిరాకీ వచ్చింది.

ఒక నోట్ ఎలా తయారవుతుందో దగ్గరగా చూపిస్తాను. ఊరి పేరు, కంపెనీ పేరు వద్దు. మా ప్రాంతంలోనే ఒక ఊళ్లో ఒక కంపెనీ తాగునీటిని శుద్ధి చేసే ఆర్‌వో ప్లాంటు పెట్టింది. మా వైపు ఫ్లోరైడ్ సంగతి మీకు తెలుసు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోయే జబ్బు గురించి 1937లోనే వైద్య పరిశోధకులు రాశారు. అప్పటి ఆ పల్లెలు తర్వాత పశ్చిమ ప్రకాశం అయ్యాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు ఫర్వాలేదనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కాచి తాగితే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇలాంటి చోట ప్లాంటు పెట్టడం పుణ్యకార్యమే.

ఆ నోట్‌లో ఈ మాట ఉంది: “స్వచ్ఛమైన తాగునీరు ప్రతి ఒక్కరి హక్కు. ఆ దిశగా మా సంస్థ చిన్న ప్రయత్నం చేసింది” అని మేనేజింగ్ డైరెక్టర్ పేర్కొన్నారు. ఆయన పేర్కొనలేదు. ఆ రోజు ఎండ మండిపోతోంది, మైకు గీ పెడుతోంది. ఆయన రిబ్బన్ కత్తిరించి, గ్లాసుతో రెండు గుక్కలు తాగి, ఫొటో దిగి కారెక్కారు. ఆ మాట నేను ముందురోజే రాసి ఆయన ఆఫీసుకు వాట్సాప్‌లో పంపితే, జవాబుగా బొటనవేలి బొమ్మ వచ్చింది. ప్రెస్‌నోట్లలో వ్యాఖ్యలన్నీ దాదాపు ఇలాగే పుడతాయి. మీ అందరి పేజీల్లో మర్నాడు ఆయన అదే మాట, అదే విరామచిహ్నాలతో ‘పేర్కొన్నారు’.

కొన్నాళ్లకు ఆ సంస్థ కోసమే ‘విజయగాథ’ రాయడానికి మళ్లీ ఆ ఊరు వెళ్లాను. నేను విలేకరిగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ మీద వార్త రాయడానికి ఇంటికి పోయిన పెద్దావిడ ఒకామె అక్కడ ఉంది. కాళ్లు దొడ్డికాళ్లయి, నడుము వంగి, గోడ పట్టుకుని నడుస్తుంది. నన్ను గుర్తుపట్టింది. “అప్పుడొచ్చి నీళ్లు బాలేవని రాసుకుంటివి. ఇప్పుడొచ్చి బాగున్నాయని రాసుకుంటన్నావు. నేను తాగేది ఆ బోరు నీళ్లేగదయ్యా” అంది. ప్లాంటు ఊరికి ఆ కొసన, మెయిన్ రోడ్డు మీద ఉంది. ఇరవై లీటర్ల క్యాను అక్కణ్నుంచి ఆమె ఎలా మోసుకొస్తుంది? ఫ్లోరైడ్ వల్ల కాళ్లు వంగినవాళ్లకే ఫ్లోరైడ్ లేని నీళ్లు అందడం లేదు.

ఈ సంగతి నేను సంస్థకు ఇచ్చిన రిపోర్టులో రాశాను. వాళ్లు విన్నారు, ట్రాలీ ఆటో పెట్టి ఇళ్ల దగ్గర క్యాన్లు దింపే ఏర్పాటు చేశారు. కమ్యూనికేషన్స్ మనిషి లోపల ఉండి చేయగలిగిన మంచి అది, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ ఆ మాట పత్రిక పాఠకుడికి చేరలేదు. ఆ ప్లాంటు గురించి మీ పాఠకులకు తెలిసిందల్లా రిబ్బన్, గ్లాసు, బొటనవేలితో ఆమోదం పొందిన ఆ రెండు వాక్యాలు. మీ విలేకరి ఒక్కసారి ఆ వీధి చివరిదాకా నడిచి ఉంటే ఆమె మాట మీకే దొరికేది.

మీ సబ్ ఎడిటర్ ఆ ఊరు వెళ్లనక్కర్లేదు కూడా. నోట్ కింద నా ఫోన్ నంబరు ఉంటుంది. ప్లాంటు పెట్టకముందు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత, ఇప్పుడు క్యానులో ఎంత, పరీక్ష చేసిన ల్యాబ్ ఏది అని అడగొచ్చు. ఆర్‌వో యంత్రం ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, ఒక పక్క నుంచి తీసి మరో పక్కకు పంపుతుంది. ఆ వదిలేసే నీరు ఏ కాలువలోకి, ఏ చెరువులోకి పోతోందని అడగొచ్చు. మెంబ్రేన్ పాడైతే కొత్తది ఎవరు కొంటారు, కరెంటు బిల్లు పంచాయతీదా కంపెనీదా అని అడగొచ్చు. రిబ్బన్ కత్తిరించిన కొన్నాళ్లకే తాళం పడ్డ ప్లాంట్లు మన జిల్లాల్లో ఎన్ని లేవు? ‘ఫ్లోరైడ్ రహిత గ్రామం’ అని శీర్షిక పెట్టాలని ఎవరైనా ఉబలాటపడితే, వంగిన ఎముక మంచినీళ్లతో నిటారుగా అవుతుందా అని అడగొచ్చు. అవదు. పిల్లలకు ఇకపై రాకుండా ఉంటుంది, అంతే. ఫోన్లో పది నిమిషాల పని ఇది. ఆ పది నిమిషాలు నాకు ఇబ్బందిగా ఉండాలి. అలా ఉండటమే మీ పని సరిగా జరుగుతోందనడానికి గుర్తు.

మా వృత్తి అంతా మసిపూసి మారేడుకాయ చేయడమేనని నేననను. కరోనా రోజుల్లో ఇంట్లోనే ఎలా ఉండాలో, ఆక్సిజన్ ఎప్పుడు చూసుకోవాలో, ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలో నాలుగు ముక్కల తెలుగులో రాసి పంచినవాళ్లలో పాత విలేకరులు చాలామంది ఉన్నారు. ఈ పని సరిగా చేస్తే ప్రాణాలు నిలబడతాయి, చేయకపోతే పోతాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. సైరన్ వ్యవస్థ ఉండి కూడా ఆ వేళ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ప్రమాదం జరిగాక విచారం వెలిబుచ్చే ప్రకటన రాయడం మా వృత్తిలో ఆఖరి పని. గోడ అవతల ఉన్న ట్యాంకుల్లో ఏముందో చుట్టుపక్కల ఇళ్లకు ముందే చెప్పి ఉంచడం, సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో నేర్పించడం మొదటి పని. మొదటి పని చేయని కంపెనీ ఆఖరి పనిని ఎంత అందంగా చేసినా, ఆ అందాన్ని చూసి మీరు మోసపోకూడదు.

పెయిడ్ న్యూస్ మీద మనం చాలా మాట్లాడుకున్నాం. ప్రెస్ కౌన్సిల్ తరఫున 2010లో పాత్రికేయులు పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె.శ్రీనివాస్ రెడ్డి కలిసి పేర్లతో సహా పెద్ద నివేదిక తయారుచేశారు. కౌన్సిల్ దాన్ని ముందు మొత్తంగా బయటపెట్టకుండా చిన్నది చేసి విడుదల చేసింది. ఆ చర్చంతా డబ్బు చేతులు మారిన వార్త గురించి. నా నోట్ విషయంలో రూపాయి కూడా చేతులు మారదు. మీ సంస్థకు పైసా రాదు, నా క్లయింట్ ఇచ్చే ఫీజు నా జేబులోకే వస్తుంది. డబ్బు తీసుకుని వేసిన వార్తా, తీసుకోకుండా అడగకుండా వేసిన వార్తా పాఠకుడికి చేసే అన్యాయం మాత్రం ఒకటే. పైగా రెండోదాంట్లో మీకు మిగిలేదేమీ లేదు.

కాబట్టి మీ ముందు కొన్ని కోరికలు పెడుతున్నాను. పెద్ద బడ్జెట్లు అక్కర్లేనివే.

మొదటిది, సంస్థ పంపిన ప్రకటన ఆధారంగా రాసిన వార్తలో ఆ మాట మొదటి పేరాలోనే చెప్పండి. ‘సంస్థ ఒక ప్రకటనలో తెలిపింది’ అని రాస్తే చాలు. విలేకరి డేట్‌లైన్ దానికి తగిలించకండి. వెళ్లని చోటికి వెళ్లినట్టు, వినని మాట విన్నట్టు చెప్పడం పాఠకుడికి ఇచ్చిన మాట తప్పడమే.

రెండోది, నోట్ ఎంత నున్నగా ఉంటే అంత ఎక్కువగా అనుమానించమని మీ డెస్కుకు చెప్పండి. వంకర నోట్ రాసినవాడికి దాచడం రాదు. మాకు వచ్చు. ఏ అంకె ముందు పెట్టాలో, ఏది చెప్పకుండా వదిలేయాలో మీ దగ్గరే నేర్చుకున్నాం.

మూడోది, ప్రారంభోత్సవాలకు ఇచ్చే జాగాలో కొంత ఏడాది తర్వాతి సంగతులకు కేటాయించండి. పోయిన ఏడాది ఇదే నెలలో మీ పేజీలో రిబ్బన్ కత్తిరించిన ఫొటోలన్నీ తీసి, వాటిలో ఏ ఒక్కదాని దగ్గరకైనా మీ విలేకరిని పంపండి. నడుస్తుంటే నడుస్తోందని రాయండి. మాలాంటివాళ్లం మా క్లయింట్లకు ‘తాళం పడనివ్వకండి, పేపర్‌వాళ్లు మళ్లీ వస్తారు’ అని చెప్పుకోవడానికి అది ఆయుధంగా పనికొస్తుంది.

నాలుగోది, అన్నిటికన్నా కష్టమైంది. మండల విలేకరి చేతికి ప్రకటనల టార్గెట్ ఇవ్వడం మానండి. లైన్ అకౌంట్ మీద బతికేవాడు, ఎవరి దగ్గర ప్రకటన తేవాలో వాళ్ల మీదే వార్త రాయాల్సినవాడు, నా నోట్ చూసి ప్రశ్న అడుగుతాడని ఆశించడం అన్యాయం. ప్రశ్న అడిగే మనిషి కడుపు నిండే ఏర్పాటు చేయకుండా పై మూడింటిలో ఏదీ సాగదు.

ఇదంతా అమలుచేస్తే నీ వ్యాపారం దెబ్బతినదా అని ఒక పాత మిత్రుడు అడిగాడు. ఆయన ఇప్పటికీ డెస్కులోనే ఉన్నాడు. లెక్క చూద్దాం. నా క్లయింట్ నాకు డబ్బిచ్చేది కాగితం మీద తన పేరు చూసుకోవడానికి కాదు. అలాగైతే సొంతంగా కరపత్రం వేయించుకుంటే చవక. తన పేరు మీ పేజీలో, మీరు నిలదీసి తేల్చుకున్న వార్తల పక్కన వస్తే జనం నమ్ముతారని ఇస్తున్నాడు. ఆ నమ్మకం నేను సంపాదించింది కాదు, నా క్లయింటూ సంపాదించలేదు. మీకు ముందు ఆ కుర్చీల్లో కూర్చుని, వచ్చిన ప్రతి కాపీనీ విప్పి చూసినవాళ్లు సంపాదించింది. మీరు అడగడం మానేస్తే అది అరిగిపోతుంది. అది అరిగిపోయాక నా నోట్‌కు విలువ ఉండదు, మీ పేజీకీ ఉండదు. అందుకని నా ఉద్యోగం నిలబడాలన్నా మీ డెస్కు నన్ను అడ్డుకోవాల్సిందే.

ఉత్తరం రాసి ఊరుకోను. మీ జర్నలిజం స్కూళ్లలో కొత్త బ్యాచీలకు ఒక పూట పాఠం చెప్పడానికి వస్తాను. నేను రాసిన నోట్లే పట్టుకొస్తాను. ఏ వాక్యం ఎందుకు రాశానో, దాని వెనక ఏం వదిలేశానో చెబుతాను. ఆ పిల్లలు వాటిని ముక్కలు చేసి, నన్ను అడ్డమైన ప్రశ్నలూ అడిగి, చివరికి అచ్చుకు పనికొచ్చేది ఎంత మిగిలిందో తేల్చాలి. ఫీజు అక్కర్లేదు, బస్సు చార్జీలు కూడా నేనే పెట్టుకుంటాను. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
మీ డెస్కుల్లో పేజీలు పెట్టి వెళ్లిన
ఒక పాత సబ్ ఎడిటర్